గోరింక తలలో చోటు లేదు

ఒక పెద్ద అడవిలో, అంత అడవికీ కలిపి కబుర్లు దాచుకునే చోటు ఒక్కటే ఉండేది. అది ఒక గోరింక తలకాయ.

సింహం మహారాజు పగలంతా నిద్రపోతాడు. అందుకని ఎవరికి ఏం విన్నవించుకోవాలన్నా గోరింక చెవిన వేసి వెళ్ళేవారు. సాయంత్రం మహారాజు లేచి ఆవులించాక, గోరింక రాజుగారి బండ ఎక్కి, ఎవరు చెప్పింది వాళ్ళ గొంతుతోనే అప్పజెప్పేది. మహారాజు "ఊఁ" అంటే ఆ మాట ఆజ్ఞ కింద లెక్క. నిద్రమత్తులో ఆయన అన్నిటికీ "ఊఁ" అనేవాడు, అది వేరే సంగతి.

ఒకరోజు తీతువు పిట్ట రొప్పుతూ వచ్చింది.

"గోరింకక్కా, వాగుకి అడ్డంగా పెద్ద దుంగ కొట్టుకొచ్చి ఇరుక్కుంది. నీళ్ళు ఎగదన్ని మా ఇసుక తిన్నె మీదికి వచ్చేస్తున్నాయి. నా గుడ్లు అక్కడే ఉన్నాయక్కా! ఏనుగు బాబాయ్‌ని అడిగితే ఒక్క లాగుడుతో తీసేస్తా అన్నాడు. కానీ బండ మీద నుంచి ఆజ్ఞ రావాలట."

ఏనుగు మంచివాడే. ఆజ్ఞ లేకుండా దోమను కూడా తోలుకోడు, అంతే.

గోరింక కళ్ళు మూసుకుని వినబోయింది. మాట లోపలికి పోలేదు. మళ్ళీ చెప్పించుకుంది. "వాగుకి" అన్నంతవరకు ఎక్కింది, ఆ తర్వాత ఆగిపోయింది.

"తల నిండిపోయిందే చెల్లీ," అంది దిగులుగా. "ఏదైనా తీస్తే తప్ప కొత్తది పట్టదు."

ఈ సంగతి కార్యదర్శి నక్కకు తెలిసింది. పరుగున వచ్చాడు. తీతువు గుడ్ల గురించి కాదు. రెండు రోజుల్లో మహారాజు పుట్టినరోజు. శుభాకాంక్షలకు చోటు లేకపోతే కార్యదర్శి పదవికి కూడా చోటుండదు. అందుకని అప్పటికప్పుడు తల ఖాళీ చేయించే సంఘం ఒకటి వేశాడు. నక్క అధ్యక్షుడు. తోడేలు, ఎలుగుబంటి సభ్యులు.

"లోపల ఏమేం ఉన్నాయో పలుకు," అన్నాడు నక్క.

గోరింక నోరు తెరిచింది. ముందు వచ్చింది తోడేలు గొంతు. "మహారాజుకు శుభోదయం!" వెనకే పొడుగాటి ఊళ. ఆ తర్వాత మళ్ళీ "మహారాజుకు శుభోదయం!" మళ్ళీ ఊళ. నిన్నటిది, మొన్నటిది, పోయిన ఎండాకాలానిది, అంతకుముందు ఎండాకాలానిది. పగలు పడుకునే రాజుకి పొద్దున్నే శుభోదయం ఎందుకో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఇవి తీసేద్దామా?" అంది గోరింక ఆశగా.

తోడేలు పళ్ళు బయటపెట్టాడు. "మహారాజు పేరున్న మాట తీసేస్తే మహారాజునే తీసేసినట్టు!"

"నిజమే," అన్నాడు నక్క కంగారుగా. "రాజుగారి పేరున్న మాట తీయరాదు, దాని మీద ఎవరినీ తప్పు పట్టరాదు. ఇది నియమం. తర్వాతది?"

తర్వాతది ఎలుగుబంటిది. "ఒక తేనెపట్టు తీసుకుంటే ఇంకొకటి ఉచితం! ఈ రోజే ఆఖరు!" ఆ ఆఖరు రోజు రోజూ వచ్చేది. ఎప్పుడో ఒకసారి మహారాజు పంజాకంటిన తేనె నాకాడు. ఆ నాటి నుంచి ఈ కబురు ఆగలేదు. వద్దని చెప్పాలంటే ఎలుగుబంటి గుహకే వెళ్ళాలి. వెళ్ళినవాడికి అక్కడ ఇంకాస్త తేనె నాకించి పంపేవాడు.

"నావి వ్యాపార సంబంధమైనవి," అన్నాడు ఎలుగుబంటి. నక్క మూతి తుడుచుకుని సరేనన్నాడు.

ఆ తర్వాత తాబేలు జలుబు వచ్చింది. ముసలి తాబేలు ఒకసారి "నాకు జలుబు చేసింది" అని మహారాజు ఒక్కడికే చెప్పబోయి అడవి మొత్తానికి చెప్పింది. "త్వరగా కోలుకోవాలి" అని అందరూ గోరింక ద్వారా అందరికీ పంపారు. "నాకెందుకు పంపుతున్నారు? ఆపండి!" అని మళ్ళీ అందరూ అందరికీ పంపారు. తాబేలు జలుబు ఎప్పుడో తగ్గిపోయింది. గోరింక తలలో మాత్రం ఇంకా చీదుతూనే ఉంది.

"అది సానుభూతి," అన్నాడు నక్క. "తీస్తే బాగుండదు."

మరి ఏం తీయాలి? చిన్న ప్రాణుల అర్జీలు మిగిలాయి, వాటి వంతు రాకముందే రోజూ మహారాజు వేటకు వెళ్ళిపోయేవాడు. బొరియ కూలిందని కుందేలు, గడ్డి తగలబడిందని జింక, వాగులో దుంగలు పేరుకుంటున్నాయని వానాకాలం నుంచి తీతువు. తీతువువి చాలా ఉన్నాయి, అన్నీ ఒకే మాట.

"చెప్పిందే చెప్పే వాళ్ళవి ముందు తీసేయాలి," అన్నాడు నక్క. తోడేలు, తన శుభోదయాలన్నీ గుర్తున్నా, గట్టిగా తలూపాడు.

గోరింక తల విదిలించింది. అర్జీలన్నీ రాలిపోయాయి. పాపం, ఆమెకు ఏడుపొచ్చింది. తల తేలికైతే మనసు ఇంత బరువెక్కుతుందని ఆమె అనుకోలేదు.

మర్నాడు తీతువు మళ్ళీ వచ్చింది. దాని కాళ్ళకు తడి ఇసుక అంటుకుని ఉంది.

"చోటు దొరికిందా అక్కా? నీళ్ళు గూటి అంచు దాకా వచ్చాయి."

"చోటుంది. కానీ అది శుభాకాంక్షలకేనట. అర్జీలు పట్టకూడదన్నారు." గోరింక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పిచ్చి పిల్లా, నిన్నెవరు అర్జీ పెట్టమన్నారు?"

తీతువు కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంది. తర్వాత గోరింక చెవి దగ్గరికి జరిగింది.

పుట్టినరోజు వేడుక నక్క వాగులోనే పెట్టించాడు. దుంగకు దిగువన వాగు ఎండిపోయి మెత్తటి ఇసుక పరుచుకుంది. "ఈ ఏడు వాగు దానంతటదే తప్పుకుని మహారాజుకు మైదానం ఇచ్చింది!" అని నక్క మురిసిపోయాడు. వాగు ఎందుకు తప్పుకుందో ఆరా తీయడం ఆయన పని కాదు. రాజుగారి బండను కూడా దొర్లించుకొచ్చి ఇసుక మధ్యలో పెట్టించాడు.

గోరింక బండ ఎక్కింది. శుభాకాంక్షలు మొదలయ్యాయి. తోడేలు ఊళ అయింది. ఎలుగుబంటి పుట్టినరోజు తగ్గింపు ధర అయింది. మహారాజు అన్నిటికీ "ఊఁ" అంటూ జోగుతున్నాడు. అప్పుడు గోరింక నోట తీతువు గొంతు పలికింది.

"మహారాజుకు జన్మదిన శుభాకాంక్షలు! మహారాజు కీర్తి అడవంతా ప్రవహించాలి! ఆ ప్రవాహానికి అడ్డంగా మలుపులో ఉన్న దుంగను ఏనుగు వెంటనే లాగేయాలి! మహారాజు నూరేళ్ళు వర్ధిల్లాలి!"

"ఊఁ," అన్నాడు మహారాజు.

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. కానీ అప్పటికే ఏనుగు లేచి నిలబడ్డాడు. బండ మీద నుంచి వచ్చిన మాట, పైగా మహారాజు కీర్తి! ఆయన బతుకంతా ఇలాంటి ఆజ్ఞ కోసమే ఎదురుచూశాడు. గబగబా మలుపు తిరిగాడు. నిజంగానే ఒక్క లాగుడు.

మహారాజు కీర్తి ప్రవహించింది. ముందు ఇసుక తడిసింది, తర్వాత తోడేలు, ఆ తర్వాత రాజుగారి జూలు. ఎలుగుబంటి తేనెపట్లు తేలుతూ వెళ్ళాయి. నక్క ఒక ముళ్ళకంప పట్టుకుని వేలాడాడు. ఎగువన నీళ్ళు జారిపోయాయి. తడిసిన గూటిలో గుడ్లన్నీ అలాగే ఉన్నాయి. తీతువు వాటి మీద కూర్చుని రెక్కలు సర్దుకుంది.

గట్టెక్కాక మహారాజు జూలు పిండుకుంటూ గర్జించాడు. "ఎవరిదీ పని?"

"తీతువుది మహారాజా! దాని మాట వెంటనే తీయించి, మెడ విరిపించండి!" అన్నాడు నక్క.

గోరింక వినయంగా తల వంచి, నక్క గొంతుతోనే పలికింది. "రాజుగారి పేరున్న మాట తీయరాదు, దాని మీద ఎవరినీ తప్పు పట్టరాదు. ఇది నియమం."

మహారాజు నక్క వైపు తిరిగి జూలు విదిల్చాడు. ఆ మర్నాటికే ఖాళీ అయింది కార్యదర్శి పదవి. గోరింక తల మాత్రం మళ్ళీ నిండిపోయింది. కుందేలు, జింక, ముళ్ళపంది, అందరూ పొద్దున్నే వరసలో నిలబడి మహారాజుకు శుభోదయం చెబుతున్నారు, చివర్లో చిన్న మాట కలిపి.

నీతి: పని కావాలంటే అర్జీ పెట్టకండి, శుభాకాంక్షలు చెప్పండి.