ఆదర్శ రోగి తాహెరా

మేడ్చల్ మండలంలో ఉబ్బసానికి కొదవ లేదు. ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చే మనిషి మాత్రం ఒక్క తాహెరాయే. శ్వాస చైతన్య సమితి అధ్యక్షులు జోగారావుగారు ఈ సంగతి కనిపెట్టి, రావల్కోల్‌లో ఆకుకూరలు పండించుకునే ఆమెను ఆదర్శ రోగిగా ప్రకటించి, ఎండాకాలంలో శాలువా కప్పారు.

అప్పటినుంచి సభ ఎక్కడైనా ఆమె వేదికెక్కాలి. డబ్బా ఊపి, ఊపిరంతా వదిలి, మూతి బిగించి, నొక్కుతూ మెల్లగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. దూలపల్లిలో మైకు మొరాయించిందని మళ్లీ పీల్పించారు. కొంపల్లిలో ఫొటోలో కళ్లు మూసుకుందని మరో రెండుసార్లు. శామీర్‌పేటలో ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు గనుక అంతకుముందు పీల్చింది చెల్లదన్నారు. ఇంకెన్నిసార్లు పీల్చొచ్చో చూపే డబ్బా వెనక అంకె తరిగిపోతుంటే తాహెరా నెలాఖరుకు ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకునేది. సర్కారు దవాఖానాలో కొత్తది అప్పటిదాకా ఇవ్వరు.

"సార్, మందు అయిపోతాంది. ఖాళీ డబ్బాతోని చూపిస్త" అంది.

"తప్పమ్మా! ప్రజలకి అబద్ధం చూపిస్తామా? సమితికి ఓ నీతంటూ ఉంది" అన్నారు జోగారావుగారు.

మేడ్చల్ సభలో ఆయన ఊపిరి విలువ గురించి గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడారు. ఆ తర్వాత తాహెరా డబ్బా నొక్కితే మందు రాలేదు. వేదిక మీది అగరుబత్తుల పొగకు నిజంగానే ఆయాసం ముంచుకొచ్చింది. ఆమె రొప్పుతుంటే, ఎంత సహజంగా చేస్తోందో అని సభ చప్పట్లు కొట్టింది.

ముందు వరసలోని రైతు కుర్మయ్యకు మాత్రం ఇది నటన కాదేమోనని అనుమానం వచ్చి, జేబులోంచి తన ఇన్‌హేలర్ తీసిచ్చాడు. తాహెరా సీలు చించి రెండుసార్లు పీల్చాక ప్రాణం లేచొచ్చింది.

"ఏందన్నా, మూడు నెల్లసంది నాతోనే దవాఖాన్ల మందు తెచ్చుకుంటున్నవు, సీలు గూడ తియ్యలే?"

"నువ్వు పీలుస్తనే ఉంటివి గదక్కా, మస్తు మంచిగ! మల్ల మాకెందుకు పరేషాన్ అనుకున్నం."

హాలంతా అవునవునని తలూపింది. అందరి సంచుల్లోనూ సీలు విప్పని డబ్బాలే. తాహెరాకు ఒళ్లు మండి మైకు లాక్కుంది.

"ఇగ నేను చూపియ్య. డబ్బాలు దియ్యుండ్రి. మీరు పీల్చుండ్రి, నేను జూస్త."

రెండు గంటలు కదలకుండా చూసిన సభకు ఉన్నట్టుండి పనులు గుర్తొచ్చాయి. జోగారావుగారు శిక్షణ నూటికి నూరుపాళ్లు విజయవంతమని ప్రకటించి కారెక్కారు. కుర్మయ్య ఒక్కడు మిగిలాడు.

తాహెరా మనసు కుదుటపడింది. "రా అన్నా, నువ్వన్న నేర్చుకుందువు."

"నేర్చుకునుడు గాదక్కా" అన్నాడు కుర్మయ్య నొచ్చుకుంటూ. "సీలు చింపితివి. మల్ల సీలున్న కొత్తదే ఇప్పియ్యాలె, దాసుకుంట."