రుమాలు వేసిన కంప్యూటరు

ఆ శుక్రవారం ఉదయం ఢిల్లేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి తనిఖీ కమిటీ వస్తుంది. అప్పటికి ల్యాబ్‌లోని పాతకాలపు యూనిక్స్ కంప్యూటరు మీద ఓ అరడజను మంది పని చేస్తూ కనిపించాలి. అంతే. కనిపించకపోతే యంత్రాన్ని పాత ఇనుము కొట్టుకీ, దాని ఇన్‌ఛార్జి అయిన తనని హాస్టలు మెస్సుకీ పంపిస్తానని ప్రిన్సిపాల్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

టెక్కలి దగ్గరున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆ యంత్రాన్ని ముట్టుకున్న పాపాత్ముడు లేక ఏడాది దాటింది. ఒక్క యంత్రాన్ని పదహారు మంది ఒకేసారి పంచుకోవచ్చు. నిజమే, కానీ ప్రతివాడి సంచిలోనూ సొంత లాప్‌టాప్ ఉన్నాక పంచుకునే ఖర్మ ఎవరికి? ఢిల్లేశ్వరరావు చదువుకున్న రోజుల్లో నలభై మందికి ఎనిమిది టెర్మినళ్లు ఉండేవి. చీటీ పట్టుకుని వరండాలో నిలబడి, వంతు వచ్చాక ఇరవై నిమిషాలు టకటకా కొట్టుకుని, లాగౌట్ అయి లేచిపోవాలి. లేవకపోతే వెనకవాడు చొక్కా పట్టుకుని లేపేవాడు. ఆ మర్యాద ఆయన ఒంటికి పట్టేసింది. ఇప్పటికీ టీకి వెళ్లినా లాగౌట్ అయ్యే వెళతాడు.

ఏడింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "కమిటీ వచ్చేసరికి మన యంత్రంలో లాగిన్ అయి ఉన్నవాళ్లకి ఐదు ఇంటర్నల్ మార్కులు."

పలాస కాంప్లెక్సులో బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టే జనంతో ఇలాంటి మాట అనకూడదని ఆయనకి తట్టలేదు, పాపం. ఎనిమిదికల్లా, ఆయనది పోగా, పదిహేను సీట్లూ నిండిపోయాయి. ఒకడు మంచం మీంచి, ఒకమ్మాయి వజ్రపుకొత్తూరు ఆటోలోంచి, అందరూ ఫోన్లలోనే లాగిన్ అయి, దాన్నలాగే వదిలేసి ఎవరి పనికి వాళ్లు పోయారు.

"పదిహేనుమంది ఉన్నారంతన్నారు, గదిలో ఈగైనా లేదేటి సారూ?" అన్నాడు అటెండరు పెంటయ్య.

"రుమాళ్లేసీసినారు పెంటయ్యా. మనుసులు ఎనకాల వత్తారట."

ఈలోగా సీటు దొరకని నలభై మంది ఫోన్లు మొదలుపెట్టారు. ఢిల్లేశ్వరరావుకి తిక్క రేగింది. "పది నిమిషాలు ఏ పనీ చేయకుండా ఉన్న లాగిన్‌ని యంత్రమే బయటికి గెంటేస్తుంది" అని గ్రూపులో హెచ్చరిక పెట్టి, యంత్రానికీ ఆ మాట చెప్పాడు.

న్యాయంగానే ఉంది. కానీ పాండు అని మూడో ఏడాది కుర్రాడొకడున్నాడు. ప్రోగ్రామింగ్ పేపరు రెండుసార్లు తప్పినవాడు, ఆ పూట మాత్రం నాలుగు లైన్ల ప్రోగ్రాం ఒక్క తప్పు లేకుండా రాసి పారేశాడు. అది నిమిషానికోసారి యంత్రానికి "ఉన్నాను సార్" అని చెబుతుంది. పావుగంటలో పదిహేనుమంది దగ్గరా అదే. భానుప్రియ అనే అమ్మాయి నిమిషమంటే మరీ ఆలస్యమని సెకనుకి పదిసార్లు చెప్పించింది. ఆమెకేం తీసిపోయామని మిగతావాళ్లు వందేసిసార్లు చెప్పించారు. యంత్రంలో ఫ్యాను పిండిమరలా మోగసాగింది.

"ఒరే పాండూ, ఏటి సేత్తన్నావురా? తీసీ ఆ దరిద్రాన్ని!" అని ఫోన్లో అరిచాడు ఢిల్లేశ్వరరావు.

"తీసీత్తాను సార్. ముందు భానుప్రియని తియ్యమనండి."

భానుప్రియకి చేశాడు. "నాను తీసీగానే నా సీటు ఎవడో ఎత్తుకుపోతాడు సార్! మరి నా ఐదు మార్కులో?" అందా పిల్ల.

తల పగిలిపోతోంది. ఒక్క టీ తాగి వచ్చి, తన చేత్తోనే అందరినీ ఏరి పారేద్దామనుకున్నాడు. టీకి వెళుతూ, అలవాటు ప్రకారం లాగౌట్ అయ్యాడు. తిరిగొచ్చి చూస్తే సీట్లు ఖాళీ లేవంది యంత్రం. పదహారు మంది అంటే పదహారు మందే, ఇన్‌ఛార్జికైనా మినహాయింపు లేదని నియమం రాసింది ఆయనే. రాసిన రోజున గర్వపడ్డాడు కూడా.

"పెంటయ్యా, నా సీటు పోనాదిరా!"

"రుమాలేసి ఎల్లలేకపోనారా సారూ?" అన్నాడు పెంటయ్య, నిజంగానే జాలిపడుతూ.

అప్పటికే కమిటీ గుమ్మంలో ఉంది. అధ్యక్షురాలు సూర్యకుమారి గది చూసింది. పదహారు కుర్చీలు, మనిషి లేడు. లాగిన్ అయినవాళ్ల పేర్లు చూపించే గోడ మీది తెర చూసింది. పదహారు పేర్లు, యంత్రం మీద నూటికి నూరు శాతం పని.

"మనుషులేరండీ?"

ఢిల్లేశ్వరరావు ఇక నిజం చెప్పేద్దామనుకున్నాడు. "మేడమ్, వీళ్లెవరూ పని చేయడం లేదండి. మార్కుల కోసం..."

కమిటీ వెంటే వచ్చిన ప్రిన్సిపాల్ ఆయన కాలు గట్టిగా తొక్కి, తెరమీద మొదటి పేరుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. "అమ్మా భానుప్రియా, ఎక్కడున్నావు?"

"జీడితోటలో సార్, పిక్కలు ఏరతన్నాం. కానీ లాగిన్‌లోనే ఉన్నాను సార్, ఒట్టు!"

సూర్యకుమారి కళ్లు చెమర్చాయి. "జీడితోటలోంచి యూనిక్సా! మా రోజుల్లో వరండాలో పడిగాపులు కాసేవాళ్లం. చదువంటే ఇదీ!" అని అక్కడికక్కడే నివేదిక రాయడానికి కూర్చుంది.

ఢిల్లేశ్వరరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. భానుప్రియకి ఐదు కాదు, పది మార్కులు వేయాలనిపించింది. యంత్రం బతికింది, తనూ బతికాడు. నివేదిక చేతికొచ్చేదాకా ఆయన సంతోషానికి హద్దు లేదు.

"యంత్రం అద్భుతంగా వినియోగంలో ఉంది, తీసివేయరాదు. విద్యార్థులు ఎక్కడినుంచైనా వాడుకుంటున్నందున ల్యాబ్ గది గానీ, దానికొక ఇన్‌ఛార్జి గానీ ఇకపై అనవసరం."

ఆ రోజు పదహారు సీట్లలో ఒక్కటీ ఖాళీ కాలేదు. ఖాళీ అయింది ఢిల్లేశ్వరరావు కుర్చీ ఒక్కటే.