టోర్‌గ్రిమ్ తడిస్వెటర్ దిగ్విజయము

చలికి చెవులు మొద్దుబారినవారు తప్ప తక్కినవారెల్లరు వినుడు! ఉత్తరదిగంగన కప్పుకొన్న ధవళకంబళమో యనునట్లు హిమము పరచుకొన్న నార్వే దేశమున, వాల్డ్రెస్ గిరిసీమలయందు, ఈస్టర్ సెలవులనెడి పుణ్యకాలమున, పట్టణములో వెచ్చని ఇల్లును మెత్తని సోఫాయును కలిగియుండియు వానికి తాళమువైచి వచ్చి, కరెంటులేని చెక్కగుడిసెలో కాపురముండి, దినమెల్ల మంచుపై జారుటకు పాదములకు కట్టుకొను స్కీలపై కొండలెక్కి కొండలు దిగి, తుదకు మంచుగుంటలో చతికిలబడి ఒక నారింజపండు ఒలుచుకొనుటయే మోక్షమని నమ్ము మహాజనులు కలరు. వారిలో మిక్కిలి మొండివాడు టోర్‌గ్రిమ్. ఇది అతని వీరగాథ. వీరుడనిపించుకొనవలెనను ఆశ తప్ప వీరునికి కావలసినదేదియు అతనివద్ద లేకుండెను.

ఆరుపదులు దాటిన ఆ ధీరాగ్రేసరుడు తొడిగిన కవచ మెట్టిదనగా: నాయనమ్మ అల్లిన ఉన్నిస్వెటరు, మోకాళ్లక్రింద బిగించు ముతక ఉన్నిలాగు, ఎర్రని ఉన్నిమేజోళ్లు, ఉన్నిచేతితొడుగులు, ఉన్నిటోపీ. పళ్లు తోముకొను బ్రష్షును మినహాయించినచో, ప్లాస్టిక్కుపోగు ఒక్కటియు ఆ పవిత్రదేహమును తాకి యెరుగదు. చిమ్మటలు కొరికిన రంధ్రములను అతడు “గాలి ఆడడానికి” అని సమర్థించుకొనెడివాడు.

అతని ప్రతిపక్షి స్టైనార్. టోర్‌గ్రిమ్ భార్య గుడ్రున్‌కు తమ్ముడు. రసాయనకర్మాగారగర్భసంజాతమును, నిమ్మపండు రంగుతో కన్నులు పొడుచునదియునగు జాకెట్టు ధరించి, బనీను మొదలు పైవస్త్రము వరకు ఒక్క గొర్రెకైనను ఋణపడని ఆ ఆధునికవీరుడు అడుగుతీసి అడుగువేసినప్పుడెల్ల పకోడీపొట్లము విప్పినట్లు చప్పుడగుచుండెను. తన జాకెట్టు గుణగణములను అడిగినవారికిని అడుగనివారికిని వర్ణించుట అతని నిత్యవ్రతము.

ఆ ఉదయము కాఫీవేళ యుద్ధభేరి మ్రోగెను.

“బావా, ఇంకా ఆ గొర్రెనే కట్టుకు తిరుగుతున్నావా? ఇవాళ పడేది తడిమంచు. సాయంత్రానికి నిన్ను పిండి దండెం మీద ఆరెయ్యాలి.”

“నీ సంగతి చూసుకోరా. ప్లాస్టిక్ సంచిలో కట్టిన కూరగాయలా లోపలే ఉడికిపోతావు.”

“అక్కా, విన్నావా మీ ఆయన మాటలు?”

గుడ్రున్ కాఫీగిన్నె ఠక్కున దించెను. “ఇద్దరి గోలా వినలేక చస్తున్నా. టోర్‌గ్రిమ్, నీ పుట్టినరోజుకి నేను కొన్న కొత్త జాకెట్ ఇంతవరకు సంచిలోంచి బయటికి రాలేదు. ఇవాళ తేలిపోవాలి. కొండ మీది చెట్ల వనంలో మంట వేసుకుని కాసేపు కూర్చుని మళ్లీ ఇటు బయల్దేరతాం కదా, ఆలోగా ‘చలి’ అన్న మాట ఎవరి నోట వస్తే వాళ్లు ఓడినట్టు. నువ్వు ఓడావో, ఆ జాకెట్ తొడుక్కుంటావు, ఈ స్వెటర్ బాంసెకి పరుపు.”

బాంసె యనునది ఆ ఇంటి శునకరాజము. తన పేరు విని తోక ఊపెను.

“నేను ఓడితే?” అనెను స్టైనార్.

“‘బావా, ఉన్నే గొప్పది’ అనాలి. అందరికీ వినపడేలా.”

ఆ దేశమున స్కీలు కట్టినవాడు “చలి” యనుట పక్కింటి కోడిని దొంగిలించి పట్టుబడుటకన్న పదిరెట్లు సిగ్గుచేటు. కావున టోర్‌గ్రిమ్, “హిమాచలమే కరగి నాశిరస్సున ధారాపాతముగ వర్షించుగాక, ఉత్తరమారుతము నాయెముకలనే మురళిగ నూదుగాక, మద్వంశమర్యాదారక్షణదీక్షితమగు ఈ జిహ్వ ఆ నీచాక్షరద్వయమును ఉచ్చరింపనేరదు!” అని గర్జించెనని చెప్పుట కథకుని ధర్మము. అతడు నిజముగా అన్నది మాత్రము, “సరే పదండి. నా స్వెటర్ జోలికి మాత్రం రాకండి,” అని. అతనికి భయము వేసెను. నాయనమ్మ చేతిపనిలో అతనికి మిగిలినది ఆ యొక్క స్వెటరే. ఈ సంగతి నోరువిప్పి చెప్పియున్నచో భార్య ఆ మాట ఎత్తియుండెడిదే కాదు. కాని నోరువిప్పి చెప్పినచో వీరుడెట్లగును?

అంతట సంగ్రామ మారంభమాయెను. మేఘములు సగము వాన సగము మంచు కలిపి కురియగా, ఆ తడిమంచు సింథటిక్కు మీద జారిపోయి, ఉన్నిమీద కాపురము పెట్టెను. లాగుకును, మేజోళ్లకును, చేతితొడుగులకును పట్టుకొని, మొదట శనగలై, పిదప నిమ్మకాయలై, తుదకు కొబ్బరికాయలై వ్రేలాడెను. ఆ ఉన్ని నిచ్చిన గొర్రెలు బ్రదికియున్నప్పుడైనను అంత బరువు మోసియుండవు. వీరుడు ఎక్కుడున ఒకమారు, దిగుడున ఒకమారు, చదునునేలమీద ఏ కారణమును లేకయే మరియొకమారు కూలెను.

పకోడీపొట్లపు చప్పుడుతో స్టైనార్ ప్రక్కనుండి దూసుకొనిపోయెను. “బావా, నడుస్తున్నావా, దొర్లుతున్నావా?”

“నీ దారి నువ్వు చూసుకో!”

“ఎలా ఉంది ఒంట్లో?”

“హాయిగా ఉంది.”

పెదవులు నేరేడుపండు రంగునకు తిరిగిన మనుష్యుడు ఇంత పచ్చి అబద్ధమాడుట చరిత్రలో అరుదు. అయినను న్యాయము చెప్పవలెను కదా, ఆ ఉన్ని తడిసి ముద్దయ్యును లోపల కొంత వెచ్చగనే యుండెను. కొంత.

భూర్జవృక్షవనము చేరిరి. పురుషసింహములు ప్రతిజ్ఞలు మోసికొనిరాగా, కట్టెలు, కాఫీకెటిలు, నారింజలు, ఆ కొత్త జాకెట్టు గుడ్రున్ మోసికొనివచ్చెను. ఆమెయే మంట వేసెను. వీరులిరువురు చెరియొకవంక మంచులో కూర్చుండిరి. ఎక్కుడున బావకు ప్రతాపము చూపవలెనని పరుగెత్తిన స్టైనార్‌కు చెమట ధారలుగట్టియుండెను. వానను లోనికి రానీయని ఆ మహాకవచము చెమటను వెలికి పోనీయలేదు. కూర్చున్న కొలదిసేపటికే అది వెన్నున మంచునీరాయెను. అతడు గడ్డము బిగించెను. ఇతడు గుప్పిళ్లు బిగించెను. ఇరువురికిని వణుకే, ఇరువురికిని మౌనవ్రతమే. గుడ్రున్ నారింజ ఒలుచుకొని, తొన తొనకును ఒక్కొక్కని మొగము చూచుచు తాపీగా తినుచుండెను.

స్టైనార్ మంటవైపు జానెడు జరిగెను. మరియొక జానెడు జరిగెను. అంతలో తడికట్టె ఒకటి ఫటిల్లున పేలగా, రెండు నిప్పురవ్వలు ఎగసెను. ఒకటి టోర్‌గ్రిమ్ మోచేతిపై వ్రాలి, తడి ఉన్నిలో చుయ్యిమని చచ్చెను. రెండవది నిమ్మపండు రంగు వక్షఃస్థలమును తాకెను. బట్ట ముడుచుకొనెను. కమురుకంపు లేచెను. ఆవగింజంత చిల్లు పడెను.

“అయ్యయ్యో, నా జాకెట్! కాస్త చలేస్తోందని దగ్గరికి జరిగితే...”

నోరు మూతపడెను. ఆలస్యమైపోయెను.

“అయిపోయింది,” అనెను గుడ్రున్. “కానియ్యి మరి.”

“బావా, ఉన్నే గొప్పది.”

“వినపడలేదురా.”

“గొప్పదయ్యా, గొప్పది! చాలా?”

అప్పుడు దేవతలు పుష్పవృష్టి కురియవలెను. తడిమంచే కురిసెను. విజేత బాహువులెత్తబోగా చేతితొడుగుల బరువుకు అవి లేవలేదు.

గుడ్రున్ సంచి విప్పి కొత్త జాకెట్టు తీసెను. “ఇది నువ్వు ఎలాగూ తొడుక్కోవు కదా. స్టైనార్, ఆ చిల్లుది విప్పేసి ఇది వేసుకో. జలుబు చేస్తుంది.”

“అబ్బ, అక్కా! ఎంత వెచ్చగా ఉందే!”

ఇట్లు ఓడినవాడు పొడిగా, వెచ్చగా, ఈలవేసికొనుచు ముందు పోవుచుండ, గెలిచినవాడు విజయఫలమగు తడిస్వెటరును మోయుచు వెనుక ఈడ్చుకొనిపోయెను. పందెము తీరినది. ఇప్పుడు “చలి” యన్నను అడ్డుపెట్టువారు లేరు. కాని గెలిచినవాడు ఏ మొగముతో అనును?

“టోర్‌గ్రిమ్, ఎలా ఉంది?” అని గుడ్రున్ వెనుదిరిగి అడిగెను.

“హా... హాయిగా,” అనెను పళ్లు టకటకలాడ.

గుడిసె చేరి స్వెటరును పొయ్యిపై దండెమున వ్రేలవేయగా, అందుండి కురిసిన చుక్కలతో నేలయు, తడిగొర్రె కంపుతో గాలియు నిండెను. బాంసె వచ్చి, వాసన చూచి, తుమ్మి, పోయి చిల్లుజాకెట్టుపై ముడుచుకొని పడుకొనెను.

“చూశావా గుడ్రున్,” అనెను వీరుడు, దుప్పట్లన్నియు కప్పుకొని, “దీని జోలికి కుక్క కూడా రాలేదు.”

ఆవగింజంత రంధ్రముచే శత్రువును జయించి, కుక్కయు వలదన్న స్వెటరును కుక్కపాలు గాకుండ కాపాడుకొన్న టోర్‌గ్రిమ్‌నకు జయము! జయము! పొడి మేజోళ్లెవరైన ఇచ్చినచో మరింత జయము!