పది వేళ్ళు, పదహారు గళ్ళు

విశ్వావసు నామ సంవత్సరం, ఆషాఢ మాసం. శేషాచల శిఖరాల మీద కురుద్దామా వద్దా అని మబ్బులు తర్జనభర్జన పడుతున్న వేళ, తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లతో చిత్తూరు దారులన్నీ కిక్కిరిసిన ఒకానొక గురువారం నాడు, ఉదయం ఏడు గంటల పదిహేను నిమిషాలనే దివ్యముహూర్తాన, తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఇంకా ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు విసిరి, ఆ ఒక్క విసురుతో మూడో వరుస సీటును జయించి, దానిమీద వీరాసనం వేసి కూర్చున్న ఆ మహాభుజుడు ఎవడు? అతని ఒడిలో చంటిబిడ్డలా ఒదిగి ఉన్న ఆ అట్టపెట్టె ఏమిటి? చెబుతాను, సర్దుకుని కూర్చోండి.

అతడు మునిశేఖరుడు. ముప్పైనాలుగేళ్ళవాడు, యంత్రగర్భసంచారి, నిద్రాహారపరిత్యాగి, కాఫీపానధురంధరుడు, "అంతా నేనే రాశాను" అనే ఏకైక మహామంత్రాన్ని త్రికాలాలలోనూ జపించే ప్రోగ్రామర్లలో అగ్రగణ్యుడు. లోకంలో పదిమంది రాసి, వందమంది దిద్ది, ఉచితంగా పంచిపెడుతున్న ప్రోగ్రాములు ఉండగా, వాటిని ముట్టనని ప్రతినబూని, మీట మీద వేలు పడిన క్షణం మొదలు తెర మీద అక్షరం పుట్టే క్షణం దాకా నడుమ జరిగే సమస్త రాజకార్యాన్నీ స్వహస్తాలతో నిర్మించి, దానికి "తెలుగు టైపు పెట్టె" అని నామకరణం చేసినవాడు. ఈ ప్రతిన పుణ్యమా అని ఏడాదిలో కావలసిన పనికి మూడేళ్ళు పట్టిన సంగతి మాత్రం అతడు ఎవరికీ చెప్పడు.

ఆ రాజకార్యం ఏమిటో కూడా విన్నవించాలి. మనం మీట నొక్కితే "నొక్కారు" అని ఒక వార్త పుడుతుంది, వేలు తీస్తే "వదిలారు" అని ఇంకొకటి. ఈ వార్తలు వచ్చినవి వచ్చిన వరసలో క్యూ కట్టి, ఒక్కొక్కటిగా లోపలికి పోయి, తమ విన్నపం చెప్పుకుని వెళ్ళిపోవాలి. ఆ క్యూకు మునిశేఖరుడు పదహారు గళ్ళు కట్టాడు, గడికొక వార్త. పదహారే ఎందుకంటే, ఆ సంఖ్య అతనికి ముచ్చటగా తోచింది. గళ్ళన్నీ నిండి ఉండగా పదిహేడో వార్త వస్తే దానికి చోటు లేదు, వచ్చిన దారినే పోవాలి. అటువంటి దుర్దినం రానే రాదని అతని నమ్మకం.

ఇక చిత్తూరులో అతని కోసం ఎదురుచూస్తున్నది శకుంతలమ్మ. కోర్టు గోడ వెంబడి రేకుల పందిరి కింద ముప్పై ఒక్క ఏళ్ళుగా అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేస్తున్న ఆ తల్లి పది వేళ్ళూ పది దిక్కులకు అధిపతులు. ఆమె చేతిలోంచి వెళ్ళిన కాగితంలో కొట్టివేతను ఎవరూ ఎరుగరు. అయితే ఆమె పాత మిషనుకు రిబ్బను ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. ఉన్న ఆఖరి రిబ్బను మూడు రోజుల క్రితం తెగిపోయింది. ఎదుటి జిరాక్సు షాపులో కంప్యూటరు ఉంది, గిరాకీ ఒక్కొక్కరే అటు నడుస్తున్నారు. ఈ పెట్టె గనక పనిచేయకపోతే ఆమె ఆ పందిరి ఖాళీ చేసి ఇంట్లో కూర్చోవలసిందే. ఆమెకు ఇంట్లో కూర్చోవడం చేతకాదు.

గత నెలలో మునిశేఖరుడు ఆమె ఎదుట నిలబడి, కుడిచేయి పైకెత్తి, ఇలా గర్జించి ఉన్నాడు: "అమ్మా! గండికోట గోడలు కదిలినా కదులుగాక, స్వర్ణముఖి వెనక్కి పారినా పారుగాక, నా పెట్టెలో ఒక్క మీట వార్త తప్పిపోదు! తప్పిపోయిన నాడు ఈ మునిశేఖరుడు కీబోర్డును కన్నెత్తి చూడడు!"

"సరేలే నాయనా, ముందు తీసుకోని రా," అన్నది శకుంతలమ్మ. "మాటలు మాత్రం శానా బాగా చెప్తా ఉండావు."

అంతట ఆ గురువారం పది గంటలకు పందిరి కింద పెట్టె కొలువుతీరింది. ఇటు కీబోర్డు, అటు చిన్న తెర, పక్కన ప్రింటరు. మొదటి అర్జీదారు దొరస్వామి అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. మామిడి తోట రైతు.

"పక్క తోటోడు దోవకు అడ్డంగా కంచె ఏసినాడక్కా," అన్నాడు శకుంతలమ్మతో. "ట్రాక్టరు బయటికి పోయే దారి లేదు. నాలుగు గంటల్లోపల అర్జీ ఇస్తే రేపు పొద్దున్నే వచ్చి సూస్తామన్నారు తాసిల్దారు ఆఫీసులో. తప్పితే మల్లా సోమవారమే. అంతకాడికి సెట్టు మీది కాయంతా పండి రాల్తాది. పండిన కాయ గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోరు."

"కూర్చోప్పా. అరగంటలో ఇస్తా," అన్నది శకుంతలమ్మ.

ఆమె కళ్ళజోడు సవరించుకుని, వేళ్ళు ఒకసారి విరుచుకున్నది. ఆహా, ఏమని వర్ణింతును! చిటికెన వేళ్ళు పార్శ్వసేనలై, చూపుడు వేళ్ళు అగ్రభాగాన అశ్వదళాలై, బొటనవేళ్ళు నడుమ గజబలమై, తలకట్టులూ గుడులూ కొమ్ములూ ఒత్తులూ వేరువేరు మీటలుగా బారులు తీరిన ఆ సువిశాల రణక్షేత్రం మీదికి ఏకకాలంలో ఉరికిన ఆ అంగుళీసైన్యపు పదఘట్టనకు బెంచీ మీది టీ గ్లాసు సైతం కంపించింది. మునిశేఖరుడు చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, విజయం తన వైపు ఏ దిక్కు నుంచి వస్తుందా అని చూస్తున్నాడు.

రెండో పంక్తి దాటింది. మూడో పంక్తిలో "దారి" అనే మాట దగ్గర ఆమె వేలు "ర" మీట నొక్కి, వదిలి, ముందుకు సాగిపోయింది. "నొక్కారు" వార్త పదహారో గడిలో చోటు సంపాదించింది. వెనకనే వచ్చిన "వదిలారు" వార్తకు గడి లేదు. తలుపు మూసి ఉన్న ఇంటి ముందు నుంచి చుట్టం వెళ్ళిపోయినట్లు అది వెళ్ళిపోయింది. వేలు ఇంకా మీట మీదనే ఉన్నదని పెట్టె నమ్మింది. అంతే! ఒక ర, దాని వెనక ర, దానిని తోసుకుంటూ ఇంకొక ర, నేల రాలిన ప్రతి రక్తబిందువు నుంచీ ఒక రాక్షసుడు లేచినట్లు పంక్తులు నిండి, పేజీ నిండి, రెండో పేజీకి పొర్లి, అక్షరప్రళయమై తెరను ముంచెత్తింది.

దొరస్వామి తొంగిచూశాడు. "ఏందక్కా, నా అర్జీ ట్రాక్టరు స్టార్టు చేసినట్ల ఉండాదే!"

మునిశేఖరుడు పెట్టెను ఆర్పి వెలిగించి, తానే కుర్చీలో కూర్చుని, అదే పంక్తి టైపు చేశాడు. ఒక్క అక్షరం తప్పలేదు. "నాకు బాగానే వస్తా ఉందమ్మా," అన్నాడు నిర్దోషిలా.

శకుంతలమ్మ అతని ముఖం చూడలేదు, చేతులు చూసింది. "రెండు వేళ్ళతో కొడతావా నువ్వు?"

"అలవాటమ్మా..."

"కీబోర్డు చేసినోడివి, రెండు వేళ్ళా? మూడేండ్లు దీన్ని ఇట్లనేనా పరీక్ష చేసినావు?"

అవును, మూడేళ్ళూ అట్లాగే పరీక్షించాడు. మీటల సామ్రాజ్యానికి చక్రవర్తి అయిన ఆ మహాపురుషుడు ఒక్కొక్క అక్షరాన్నీ కోడి గింజ ఏరుకున్నట్లు వెతికి పొడుస్తాడు. ఈ రహస్యం అతని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. సిగ్గుతో అతని చెవులు కాలాయి.

అయితే వీరుడు వెన్నుచూపునా? ల్యాప్‌టాప్ ఒరలోంచి లాగి, "పదహారు చాలనిచో ఇన్నూటయాభైయారు!" అని హుంకరించి, గళ్ళ సంఖ్య మార్చి, పెట్టెకు కొత్త ప్రాణం పోశాడు. శకుంతలమ్మ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి ప్రళయం రాలేదు. అక్షరాలూ రాలేదు. ఆమె ఒక పేరా పూర్తిచేసి, టీ తెప్పించుకుని, సగం తాగి గ్లాసు కింద పెట్టేసరికి మొదటి పంక్తి చివరి మాటలు తీరికగా నడుచుకుంటూ తెర మీదికి వచ్చాయి. రెండో పేరాలో ఇన్నూటయాభైయారు గళ్ళూ నిండాయి. ఈ పర్యాయం ప్రళయించినది "క".

దొరస్వామి లేచి నిలబడ్డాడు. "అప్పా, ఒక మాట. మా ఫ్యాక్టరీ కాడ ఇంతే. ట్రాక్టర్లు నిలిచిపోతా ఉండాయని యార్డు పెద్దది చేసినారు. ఏమైంది? ఇంగా నూరు ట్రాక్టర్లు లోపల నిలబడినాయి. కాటా ఒకటే గదా. ఆడ తూకం ఏసేవాడు నిదానంగా ఉంటే యార్డేం చేస్తాది?"

పెద్ద చదువు చదివి, మూడేళ్ళు తపస్సు చేసి, ఈ మాట తనకు తోచలేదే అని మునిశేఖరుడు మనసులో తనను తాను ఒక చెంపదెబ్బ కొట్టుకున్నాడు.

మళ్ళీ మళ్ళీ ఆర్పి వెలిగించి చూసేసరికి రెండున్నర అయింది. శకుంతలమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "పో దొరస్వామీ, జిరాక్సు షాపుకు పో. నా కోసరం నీ కాయ రాలిపోకూడదు."

"ముప్పై ఏండ్లుగా నా కాగితాలన్నీ నీ చేతివే గదక్కా..."

"పో అంటా ఉండాగదా," అన్నది ఆమె. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండునని మునిశేఖరుడికి అనిపించింది. అతనికి నిజంగానే ఏడుపు వచ్చింది. ప్రతిజ్ఞ పోతే పోయింది, ఈమె పందిరి పోతుందే అని దిగులు పడ్డాడు. ఆ మూడేళ్ళలో అతడు తనను గురించి కాక మరొకరిని గురించి దిగులు పడడం అదే ప్రథమం.

"ఒక్క పదైదు నిమిషాలు ఇయ్యన్నా," అని దొరస్వామి చేయి పట్టుకున్నాడు. గర్జన పోయి మామూలు గొంతు బయటికి వచ్చింది. "క్యూకు ముందర నిలబడినోడు ఏం చేస్తా ఉండాడో సూస్తా."

ఒక తీగతో పెట్టెను ల్యాప్‌టాప్‌కు కలిపాడు. "ఒక పంక్తి కొట్టి ఆపమ్మా," అన్నాడు. ఆమె కొట్టి, చేతులు ఒడిలో పెట్టుకుంది. ల్యాప్‌టాప్‌లో నల్లని కిటికీ తెరుచుకుంది. అందులో ఒకే వాక్యం, కింద అదే వాక్యం, దాని కింద అదే వాక్యం: ఏడుకొండలవాడా వేంకటరమణా గోవిందా గోవింద. ఆమె వేళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి, గోవిందలు ఆగలేదు.

ఇప్పుడు సత్యం చెప్పక తప్పదు. పూర్వం, ఈ పెట్టె పుట్టని రోజుల్లో, నలభై దినాలు ఒక్క మీట వార్త కూడా లోపలికి చేరక మునిశేఖరుడు అన్నం మానేసి తిరిగాడు. నలభై ఒకటో నాడు మొట్టమొదటి వార్త క్యూ దాటి లోపల అడుగుపెట్టింది. ఆ ఆనందంలో, వార్త వచ్చినప్పుడల్లా ఆ పిలుపు తీగ గుండా బయటికి పంపమని ప్రోగ్రాములో ఒక పంక్తి చేర్చాడు. నొక్కినా గోవింద, వదిలినా గోవింద. తీగ తగిలించినా తగిలించకపోయినా ఆ పిలుపు పోవలసిందే, ఆ దారేమో ఇరుకైనది. ఒక్కొక్క పిలుపు దాటడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. రెండు వేళ్ళవాడికి అది తెలియలేదు. తరవాత తీసేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు, కాని పనిచేస్తున్నదాన్ని కదిలించడానికి ధైర్యం చాలలేదు. శాస్త్రవేత్తనని ఊరంతా చెప్పుకునే మనిషి ఒక పంక్తికి దడిసి బతికాడు.

"ఇదేనన్నా, కాటా కాడ ఆపింది," అన్నాడు వాడిపోయిన ముఖంతో.

"ఇంగేం, తీసెయ్!" అన్నాడు దొరస్వామి. మరుక్షణంలో కిటికీలోని అక్షరాలు చదివి చెంపలు వేసుకున్నాడు. "అయ్యయ్యో, సామి పేరా? వద్దప్పా, తీయద్దు! కాయల కాలం!"

అప్పుడా చెరిపే మీట మీద మునిశేఖరుడి వేలు నిలిచిపోయింది. ముందుకు పోతే దైవభయం, వెనక్కి పోతే లోకనింద. ఉభయసేనల మధ్య రథం దిగబడిన యోధుడిలా అతడు బిక్కచచ్చి చూశాడు.

శకుంతలమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "కొండకు పోయినారా మీరిద్దరూ? లైన్లో ఎట్ల పోతాం? గోవిందా గోవిందా అనుకుంటా నడస్తా పోతాం. సామి ముందర నిలబడుకోని అరగంట భజన చేస్తామంటే వెనకోళ్ళు ఏం కావాల? అందుకే గదా జరగండి జరగండి అని నెట్టేది. పేరు తీసెయ్యద్దు నాయనా. పెట్టె ఎలిగించేటప్పుడు ఒక్కసారి అనిపించు, చాలు. సామికి సెవుడు లేదు."

ఆ మాట విని మునిశేఖరుడు, ఆ పంక్తిని వార్తలు లోపలికి పోయే వాకిట్లోంచి పైకెత్తి, పెట్టె మేలుకొనే చోట భక్తితో ప్రతిష్ఠించాడు. గళ్ళను తిరిగి పదహారు చేశాడు. పెట్టె వెలిగింది. నల్లని కిటికీలో ఒకే ఒక్క పిలుపు కనబడింది. దొరస్వామి దాన్ని పైకి గట్టిగా చదివి, నిలువెల్లా దండం పెట్టాడు.

మళ్ళీ పది వేళ్ళూ కదనరంగాన దూకాయి. ఆమె ఎంత వేగంగా మీటలు తాకిందో అంత వేగంగా అక్షరాలు లేచి నిలబడ్డాయి. పదహారు గళ్ళలో ఏ క్షణానా మూడు వార్తలకు మించి నిలబడలేదు. "తమ విధేయుడు" దాకా ఎక్కడా ఆగలేదు. ప్రింటరు నుంచి కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. శకుంతలమ్మ దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చదివి దొరస్వామి చేతికిచ్చింది. అతడు చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే పరుగెత్తి, నాలుగు కొట్టకముందే స్టాంపు వేయించుకుని వచ్చి చూపించాడు.

అప్పటికే అటు జిరాక్సు షాపు ముందు నిలబడిన ఇద్దరు ఇటు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మూడో మనిషి వచ్చి వంగి చూశాడు. పందిరి నడుమ, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, అభినందనల కోసం నిలబడి ఉన్నాడు మన విజేత.

"కూర్చోప్పా, నీ ముందర ఇద్దరుండారు," అన్నది శకుంతలమ్మ తల ఎత్తకుండా. "మునిశేఖరా, నువ్వు రొంత పక్కకు జరుగు నాయనా. వచ్చేవాళ్ళకు అడ్డంగా ఉండావు."

విజేత రెండడుగులు పక్కకు జరిగాడు. కావున ముల్లోకవాసులారా, దుందుభులు మ్రోగించి చాటుతున్నాము, చెవులొగ్గి వినండి: ఆ గురువారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, చిత్తూరులో, శకుంతలమ్మ ఒక మీట మీద నుంచి వేలు తీసింది, తీసిందని పెట్టెకు తెలిసింది.