తాయమ్మ పళ్ళు, సర్కారు ఈల

మనిషికి పళ్ళు ఇచ్చే బాధ్యతను దేవుడు రెండు విడతల్లో ముగించి చేతులు దులుపుకున్నాడు. మూడో విడతను డాక్టర్లకు వదిలిపెట్టాడు. ఆ మూడో విడత మీద వచ్చే ఫిర్యాదులు వినే పని సర్కారుకు అప్పగించాడు. ఈ ఏర్పాటులో ఏ లోపమూ లేదని, ఉంటే గింటే అది నోటిదే గానీ ఏర్పాటుది కాదని చిత్తూరు కచేరీలో తేలిన వైనం ఇది.

చిత్తూరులో కోర్టు గోడ పక్కన తాయమ్మకు ఇడ్లీ అంగడి ఉండేది. ఆమెది పెద్ద నోరు. ఆ నోరు ఇంటికి అవసరం కూడా. మొగుడు మునస్వామి కోర్టులో బంట్రోతుగా వాది ప్రతివాదులను కేకేసి కేకేసి చెవులు పోగొట్టుకున్నాడు. (న్యాయంగా పోవలసినవి ఎదుటివాళ్ళ చెవులు. కోర్టు కాబట్టి అలా జరగలేదు.) లోకంలో ఆయనకు వినపడే గొంతు తాయమ్మది ఒక్కటే.

పళ్ళన్నీ రాలిపోయి సెనక్కాయలు కొరికే యోగం లేకుండా పోయిందని తాయమ్మకు దిగులు. యుద్ధం ముదిరిన ఆ 1942 ఎండాకాలంలో ఆమె తిరుపతికి వెళ్ళి, కొండ మీద తలనీలాలిచ్చి, కొండ కింద పళ్ళకు కొలతలిచ్చింది. జుట్టు మొలిచే వేళకు పళ్ళూ వచ్చాయి. వాటి కోసం చెవుల కమ్మలు అమ్ముకుంది.

పళ్ళు తళతళలాడుతున్నాయి. నోట్లో పెట్టుకొని మొదటి మాట అనగానే ఈల వినపడింది.

ఆమె ఆ పళ్ళతోనే మళ్ళీ తిరుపతికి వెళ్ళి, వాటిని చేసిన దంతవైద్యుడు బాలసుబ్రమణ్యం ఎదుట నిలబడింది.

"సామీ, సూడు అన్నా ఈలే, సట్నీ అన్నా ఈలే. మా ఆయప్పకి నా మాట పోయి ఈలొకటే మిగిలినాది. మొన్న 'సద్ది తిందువు రా' అంటే, రైలొచ్చిందని గొడుగెత్తుకొని టేసనుకు పోయినాడు" అంది. (ఈలలు తీసేసి రాస్తున్నాం.)

బాలసుబ్రమణ్యం నొచ్చుకున్నాడు. "పెద్దమ్మా, ఇవి మద్రాసు పద్ధతిలో చేసిన పళ్ళు. 'చూడు' అనండి. 'చట్నీ' అనండి. 'చద్ది' అనండి. ఈల వస్తే నేను అంగడి మూసేస్తాను. మీరు చకారాన్ని సకారం చేసి, నేరం పళ్ళ మీద వేస్తున్నారు. తప్పు పళ్ళది కాదు, జిల్లాది."

"మరి సామీ అని పిల్సాలంటే?"

"దేవుణ్ణి మనసులో తలుచుకుంటే చాలు."

తాయమ్మ చిత్తూరు కచేరీ మెట్లెక్కింది. అక్కడ వినతుల సెక్షనుకు హెడ్ గుమాస్తా పరంధామయ్య. సౌమ్యుడు. నిబంధన లేకుండా ఎవరికీ హాని చేసి ఎరగడు. ఆయన చాలాసేపు ఆలోచించి, పన్ను ఎముక జాతికి చెందుతుందనీ, ఎముకల వ్యవహారం ఏదైనా ముందు విరిగిన ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరులో చూపించి రావాలనీ సెలవిచ్చాడు.

మొగుడూ పెళ్ళాలు పుత్తూరు వెళ్ళారు. అక్కడ కట్లు కట్టే పెద్దాయన పళ్ళసెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇరిగుంటే కడతానమ్మా. ఇది ఇరగలేదే!" అన్నాడు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళను ఊరికే పంపడం మర్యాద కాదని, దవడకు ఆకుపసరు వేసి తలచుట్టూ గట్టిగా కట్టు కట్టాడు. దారిపొడవునా తాయమ్మ నోరు మెదపలేకపోయింది. పెళ్ళాం అలిగిందనుకొని మునస్వామి, పెళ్ళయిన నాటి నుంచి తాను చేసిన తప్పులన్నీ ఒప్పుకుంటూ చిత్తూరు చేరాడు. వాటిలో కొన్ని ఆమెకు అప్పటిదాకా తెలియవు.

కట్టు విప్పాక విచారణ మొదలైంది. నిబంధన స్పష్టంగా ఉంది. లోపమున్న వస్తువు బల్ల మీద ఉండాలి. లోపం అధికారి ఎదుట రుజువు కావాలి.

తాయమ్మ పళ్ళు తీసి బల్ల మీద పెట్టి, కమ్మలు పోయిన సంగతితో సహా జరిగినదంతా చెప్పింది. పరంధామయ్య శ్రద్ధగా విన్నాడు.

"ఫిర్యాదు వినపడిందమ్మా. లోపం వినపడలేదు."

ఆమె పళ్ళు పెట్టుకొని మళ్ళీ చెప్పింది. గుమాస్తాలు లేచి నిలబడ్డారు. బయట జట్కా గుర్రం బెదిరి బండితో సహా వెళ్ళిపోయింది.

"ఇప్పుడు లోపం వినపడింది. ఫిర్యాదు వినపడలేదు. పైగా బల్ల ఖాళీగా ఉంది."

చివరికి ఆమె భాష తెలిసినవాణ్ణి దుబాసీగా పెట్టుకోవచ్చని ఒక వెసులుబాటు దొరికింది. మునస్వామి చేత ప్రమాణం చేయించారు. తాయమ్మ పళ్ళతోనే మాట్లాడింది. పరంధామయ్య మునస్వామి చెవి దగ్గర వంగి, "ఏమంటోందయ్యా?" అని అరిచాడు.

మునస్వామి గొడుగు అందుకుంటూ, "రైలొచ్చినట్టుండాది సామీ. పోదామా?" అన్నాడు.

ఇది వాంగ్మూలంగా నమోదైంది.

తాయమ్మకు కన్నీళ్ళొచ్చాయి. పళ్ళు తీసి బల్ల మీద విసిరికొట్టింది. "ముప్పై ఏండ్లుగా నా మాటే ఆయనకి సెవులు సామీ. ఆ మాట నాకు తిరిగిస్తారా, లేదా?"

పరంధామయ్య బల్ల మీదికి వంగాడు. ఆయన చూపు పళ్ళ కింద ఉన్న ఎర్రటి పలక మీద పడింది. గోటితో గీకి చూశాడు.

"ఇది రబ్బరు కదూ?"

పళ్ళ కింద పలకను ఆ రోజుల్లో గట్టి రబ్బరుతోనే చేసేవారు. రబ్బరు మీద యుద్ధకాలపు ఆంక్షలున్నాయి. లారీ టైర్లకే దిక్కులేని సమయంలో ఒక ఇడ్లీలమ్మే మనిషి నోట్లో రబ్బరు దాచి ఉంచిందన్న వార్త కచేరీ అంతా పాకింది. ఫిర్యాది ముద్దాయి అయింది. (దీనికి వేరే దరఖాస్తు అక్కర్లేదు. ఇది దానంతటదే జరుగుతుంది.)

రబ్బరును యుద్ధావసరానికి వాడుతున్నట్టయితేనే అట్టిపెట్టుకోవచ్చు. అదే నెలలో, జపాను విమానాలు వస్తే ఊదడానికి మద్రాసు నుంచి రావలసిన సైరను రాలేదని ఇంకో సెక్షను వాళ్ళు తలపట్టుకొని ఉన్నారు. రెండు సెక్షన్లూ కలిసి కాఫీ తాగాయి. కాఫీ అయ్యేసరికి తాయమ్మ చిత్తూరు పట్టణానికి తాత్కాలిక సైరనుగా నియమితురాలైంది.

"ఆపి ఆపి ఈల వేస్తే ప్రమాదం. ఒకటే పొడుగు ఈల వేస్తే ప్రమాదం తప్పినట్టు" అని పరంధామయ్య వివరించాడు.

"మరి నా పళ్ళు బాగుసేయించేది?"

"బాగుచేస్తే ఈల పోతుంది. యుద్ధ సామగ్రిని పాడుచేయడం నేరం. యుద్ధం ముగిశాక చేయించుకోవచ్చు."

"యుద్ధం ఎప్పుడు ముగుస్తాది?"

"అది మా సెక్షను కాదు."

విమానాలొస్తే దాక్కునే కసరత్తు రోజు వచ్చింది. తాయమ్మ కచేరీ వాకిట నిలబడి, "సారూ, సూడండి, సాలు సాలు, సస్తిమి!" అంది. ఊరు ఊరంతా అణిగిపోయింది. అంగళ్ళు మూతపడ్డాయి, వకీళ్ళు కాలవలో పడుకున్నారు, కచేరీ సిబ్బంది యావత్తూ బల్లల కింద దూరింది. ఇన్నాళ్ళూ ఆమె మాట్లాడితే పడీపడీ నవ్వినవాళ్ళంతా నేల కరుచుకొని ఉండటం చూసి, తాయమ్మకు చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టయింది. ఇంకొంచెం గట్టిగా వేసింది. అంతలో చిగురు చీలి నెత్తురొచ్చింది. పళ్ళు తీసేసింది.

లోపలికి వెళ్ళి బల్ల కిందికి వంగి, "లెయ్యండబ్బా, అయిపోయినాది" అంది.

"నోటిమాట చెల్లదమ్మా. పొడుగు ఈల కావాలి" అన్నాడు పరంధామయ్య బల్ల కింద నుంచి.

"సిగుళ్ళు పుండైపోయినాయి సామీ. డాక్టరు సరిసేస్తే గానీ పెట్టుకోలేను."

"సరిచేయించుకుంటే నేరం."

"అయితే మీరు ఆడే ఉండండి" అని తాయమ్మ పళ్ళను ఆయన బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. మెట్ల మీద మునస్వామి గొడుగుతో కూర్చొని ఉన్నాడు. ఆమె ఉత్త నోటితో, "ఇంటికి పోదాం రా, సద్ది తిందాం" అని కేకేసింది. ఆయన ముఖం విప్పారింది. "అట్నే తాయీ" అని లేచాడు. ఆమె ఇక ఆ పళ్ళ కోసం కచేరీకి వెళ్ళలేదు.

పొడుగు ఈల రాలేదు కాబట్టి సిబ్బంది పొద్దుగూకేదాకా బల్లల కిందే ఉన్నారు. ఆనాడు కచేరీ పనులన్నీ యథాప్రకారం జరిగాయని పైవారికి నివేదిక వెళ్ళింది. ఆనాటి పనిని ముందురోజుల పనితో పోల్చి చూసిన పైఅధికారికి కూడా తేడా ఏమీ కనిపించలేదు.