ముందుమాటలు ముగిశాక ప్రేమకథ

అచ్చయినంత మాత్రాన ఏదీ పుస్తకం కాదు. ఒక పెద్దమనిషి వేదికెక్కి, దాని మీది రంగుకాగితం చింపి, గుండెల ఎత్తున పట్టుకుని కెమెరా వైపు నవ్వాలి. అప్పుడే అది పుస్తకం. అంతవరకు అది సరుకు. తడవకుండా, చెద పట్టకుండా చూసుకోవడమే రచయిత బాధ్యత. ఈ సత్యం కాగితం కనిపెట్టినవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, కొత్తగూడెంలోని ‘గోదావరి తీర గ్రంథావిష్కరణల సమాఖ్య’కు క్షుణ్ణంగా తెలుసు.

ఉషారాణికి తెలియదు. అదే ఆమె కష్టాలన్నిటికీ మూలం.

ఉషారాణి పాల్వంచ దాటాక అడవిలోకి మళ్లే రోడ్డు మీద ఒక సబ్ సెంటర్లో ఏఎన్ఎం. తండాలో పుట్టి, హాస్టల్లో చదువుకుని, నర్సు ట్రైనింగ్ చేసిన మనిషి. వ్యాక్సిన్ డబ్బా భుజాన వేసుకుని గూడేలు, తండాలు తిరగడం ఆమె ఉద్యోగం. తిరగడం తక్కువ, బస్సు కోసం ఎదురుచూడటం ఎక్కువ. ఆ ఎదురుచూపుల్లో ఒక ప్రేమ నవల రాసింది. పేరు ‘లాస్ట్ బస్సులో నువ్వు’. నాయిక నర్సు, నాయకుడు బస్సు కండక్టర్. (ఆమె భర్త కోటేష్ నిజంగానే కండక్టర్. అయితే నవలలోని కండక్టర్ చిల్లర విషయంలో ఎవరినీ విసుక్కోడు కనుక ఇది పూర్తిగా కల్పితమని ఒప్పుకోవాలి.)

పట్నంలోని ఒక ప్రచురణ సంస్థకు రాతప్రతి పంపితే మర్యాదగా తిరిగొచ్చింది. మీ ప్రాంతం నుంచి మేము ఆకలిని ఆశిస్తున్నాము, ప్రేమకు మా దగ్గర కోస్తా జిల్లాల రచయితలు తగినంతమంది ఉన్నారు అని దాని సారాంశం. అందుకని ఉషారాణి తానే అచ్చు వేయించుకుంది. కట్టలు బస్సు టాపు మీద ప్రయాణం చేసి క్వార్టరుకు చేరాయి. కోటేషే దించాడు. ఆశా కార్యకర్త నాగలక్ష్మి పరుగున వచ్చింది.

“మేడమ్, నాకొకటియ్యండి. గిప్పుడే సదువుత.”

ఉషారాణి కట్ట విప్పబోతుంటే ప్రెస్సు యజమాని నుంచి ఫోను వచ్చింది. “మేడమ్, ఎవ్వరికీ ఇయ్యకుండ్రి. ఆవిష్కరణ కాకముందే చదివితే పేపర్ లీకయినట్టు లెక్క. రేపు ఏ పెద్దమనిషి మీ పుస్తకం ముట్టడు. ముందుగాల సమాఖ్యకు పోండ్రి.”

సమాఖ్య కార్యాలయం బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు మీది గది. అధ్యక్షులు భద్రయ్య రిటైర్డ్ లెక్కల మాస్టారు. జిల్లాలో ఆయన ముందుమాట లేకుండా పుస్తకం రాలేదు. ఒక విత్తనాల కంపెనీ వాళ్లు వేసిన పత్తి సాగు కరపత్రానికి కూడా ఆయన ముందుమాట రాశారని చెబుతారు. ఉషారాణి పుస్తకం చేతికిస్తే, బల్ల మీద పెట్టి, పైన కళ్లజోడు పెట్టారు.

“ఏం రాసినవమ్మా?”

“లవ్ స్టోరీ సార్.”

“లవ్వు సరే. సమస్య ఏంది?”

“సమస్య అంటే... ఆమె ఎక్కేలోపల ఆఖరి బస్సు పోతది సార్.”

“గది రవాణా సమస్య. నేనడిగేది సామాజిక సమస్య. మీ తండల కరువు లేదా? కల్లు లేదా?”

“ఉన్నయి సార్. కానీ గీ పుస్తకంల వాళ్లిద్దరు ప్రేమించుకుంటరు.”

భద్రయ్య జాలిగా చూశారు. సరే, ముందుమాటతో లోపం కప్పవచ్చునన్నారు. ఉషారాణి సంతోషపడి, “ఎప్పటికి చదువుతరు సార్?” అంది.

“ముందుమాట రాసెటోడు చదవొద్దమ్మా,” అన్నారాయన. “చదివితే పుస్తకం గురించి రాయాల్సొస్తది.”

ఆ ప్రమాదం జరగలేదు. ముందుమాటలో భద్రయ్య బాల్యం, వైరాలో ఆయన తొలి ఉద్యోగం, ఇంగ్లీషు మీడియం వల్ల ఎక్కాలకు పట్టిన గతి, ఆయన మోకాళ్ల ఆపరేషన్ సవిస్తరంగా వచ్చాయి. చివరి వాక్యంలో ‘ఈ నేపథ్యంలో చిరంజీవి ఉషారాణి కలం పట్టడం ముదావహం’ అని ఉంది. అధ్యక్షులు రాశాక కార్యదర్శి రాంబాబు రాయకపోతే ఆయనకు అగౌరవం. ఆయన రాశాక ఉపాధ్యక్షులకూ, గౌరవ సలహాదారులకూ అగౌరవం జరగకుండా చూడవలసి వచ్చింది. పుస్తకం అప్పటికే బైండయిపోయింది కాబట్టి ముందుమాటలన్నీ విడిగా వేయించి, ఉషారాణి, కోటేష్ కూర్చుని గోధుమపిండి జిగురుతో అంటించారు. ఆ తర్వాత పుస్తకాలు మూసుకోవడం మానేశాయి. పైన సన్నికల్లు పెట్టాల్సి వచ్చింది.

తర్వాతది నైతిక పరిశీలన ఉపసంఘం. నవల చివర్లో ఒక ముద్దు ఉన్నట్టు ప్రెస్సు నుంచి సమాచారం అందింది. ఉపసంఘం ఆ పేజీని పరిశీలనకు తెప్పించుకుంది. ఒకసారి పరిశీలిస్తే తేలలేదు. సభ్యులు విడివిడిగా, ఇళ్లకు తీసుకుపోయి పరిశీలించారు. (సమాఖ్య చరిత్రలో ఒక పేజీని ఇంతమంది చదవడం అదే మొదలు.) చివరికి రాంబాబు ఉషారాణిని పిలిపించాడు.

“మేడమ్, ముద్దుకు మాకు అభ్యంతరం లేదు. కానీ డ్యూటీల ఉన్న కండక్టర్ ముద్దు పెట్టుకుంటె డిపోల ఏమనుకుంటరు?”

“డ్యూటీ దిగిండు సార్. దాని ముందు పేజీల ఉంది గదా.”

“ముందు పేజీ మా పరిధిలకు రాదు.”

ముద్దును తొలగించనవసరం లేదనీ, ‘ఈ ముద్దు విధి నిర్వహణలో భాగం కాదు’ అని కింద చిన్న అక్షరాలతో వేస్తే చాలనీ తీర్మానం జరిగింది. ఉషారాణి ఆ చీటీలు కూడా అంటించింది. అంటిస్తూ ఒక్కసారే ఏడ్చింది. ఆ ముద్దు కోసం నాయికను ఎన్ని బస్సు స్టేజీలు నడిపించిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు దాని కింద సిగరెట్టు పెట్టె మీద ఉన్నట్టు ఒక హెచ్చరిక ఉంది.

ఇక ముఖ్య అతిథి. ఖమ్మంలో ఒక పెద్ద అధికారి ఒప్పుకున్నారు. కార్డులు వేశారు. అంతలో గోదావరికి వరద వచ్చింది. భద్రాచలం దగ్గర ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. అధికారి పడవల్లోకి, ఉషారాణి క్లోరిన్ బిళ్లలతో పునరావాస కేంద్రంలోకి వెళ్లిపోయారు. వరద తగ్గింది. మళ్లీ కార్డులు వేశారు. ఎన్నికల కోడ్ వచ్చింది.

“ప్రేమ నవలకు కోడ్ ఏంది సార్?” అంది ఉషారాణి.

“నవలల బస్సున్నది,” అన్నాడు రాంబాబు ఓపికగా. “బస్సు సర్కారుది. అది టైముకు వచ్చినట్టు కూడ రాసిండ్రు. సర్కారుకు ప్రచారం చేసినట్టే గదా.”

ఎన్నికలు అయ్యాయి. అధికారికి బదిలీ అయింది. కొత్త అధికారి, పాత అధికారి ఒప్పుకున్న పనులన్నిటినీ పునఃపరిశీలిస్తానని ప్రకటించారు. వాటిలో రెండు చెరువులు, ఒక వంతెన, ఈ నవల ఉన్నాయి.

ఈలోగా కట్టలు క్వార్టరులో గోడ పక్కన ప్లాస్టిక్ పట్టా కింద ఉండేవి. వచ్చినవాళ్లు వాటి మీదే కూర్చునేవారు. ఉషారాణి అప్పుడప్పుడు పట్టా ఎత్తి, ఒక పుస్తకం తీసి, వాసన చూసి, మళ్లీ లోపల పెట్టేది, జైల్లో ఉన్న చుట్టాన్ని ములాఖత్‌లో చూసొచ్చినట్టు. నవల రాసిన కాలాన్ని బట్టి అందులో నాయకుడు నాయిక గొంతు వినడానికి ఎస్టీడీ బూత్ ముందు క్యూలో నిలబడతాడు. ఇప్పుడు మేకల కాపరుల జేబుల్లో కూడా సెల్‌ఫోన్లు మోగుతున్నాయి.

“ఇంకొంచెం ఆగితే నీ హీరో రిటైరయితడు,” అన్నాడు కోటేష్. “గప్పుడు ముద్దుకు అభ్యంతరం ఉండదు.”

“నువ్వు నవ్వకు. మా అమ్మకు మాటిచ్చిన. స్టేజి మీద నా బుక్కు జూపిస్త అన్న.”

“గా ముసలామె బుక్కు సదువుతదా?”

“సదవదు. జూస్తది.”

ఎట్టకేలకు రోజు ఖాయమైంది. కొత్తగూడెంలో హాలు, బ్యానరు, శాలువాలు, మెమెంటోలు సిద్ధమయ్యాయి. ఉషారాణి తల్లి సోమ్లి పెట్టెలో దాచుకున్న అద్దాల రవిక వేసుకుని, చేతుల నిండా గాజులతో పొద్దున్నే బస్సు దిగింది. నేరుగా ముందు వరుసలో కూర్చుంది. రాంబాబు గబగబా వచ్చాడు.

“అవ్వా, స్వాగత నృత్యం మీదేనా? మిగిలినోళ్లేరి?”

“డ్యాన్సెందుకు? నేను ఉషమ్మ తల్లిని.”

“అట్లనా. అయితే గిది గెస్టుల లైను. వెనక్కి కూసోండ్రి.”

సోమ్లి వెనక వరుసకు వెళ్లింది. ఉషారాణి ఇది చూసింది. వేదిక దిగి వచ్చేదే, కానీ అప్పటికే ఆమె చేతికి శాలువాల పళ్లెం ఇచ్చారు. (వేదిక మీద మహిళ ఒక్కతే ఉన్నప్పుడు పళ్లెం ఆమెకే చెందుతుందని సమాఖ్య నియమావళి.) ఒక్కొక్కరికీ శాలువా కప్పుతున్నంతసేపూ పక్కన పళ్లెం పట్టుకుని నిలబడింది. అందరూ మాట్లాడారు. భద్రయ్య తాను రాసిన ముందుమాటల గురించి, ముఖ్య అతిథి మరుగుదొడ్ల ఆవశ్యకత గురించి మాట్లాడారు. నవల నడిచేది అడవి దారుల్లో కాబట్టి రెండోది కొంత దగ్గరగా వచ్చిందనే చెప్పాలి.

అప్పుడు రంగుకాగితం చుట్టిన పొట్లం తెచ్చారు. ముఖ్య అతిథి రిబ్బను లాగారు, కాగితం చింపారు, గుండెల ఎత్తున పట్టుకున్నారు. కెమెరాలు మెరిశాయి.

ఉషారాణి తొంగి చూసింది. అట్ట మీద భద్రయ్య నవ్వుతున్నారు. పుస్తకం పేరు ‘సంపూర్ణ ముందుమాటలు’.

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. రాంబాబు మైకులో వివరించాడు. హాలు ఎట్లాగూ ఉంది, అతిథి ఎట్లాగూ వచ్చారు, కాబట్టి అధ్యక్షుల గ్రంథాన్ని కూడా ఇదే శుభసందర్భంలో వెలువరిస్తున్నామన్నాడు. ‘లాస్ట్ బస్సులో నువ్వు’కు రాసిన ముందుమాట ఈ సంపుటిలోనే ఉన్నందున, ఆ నవల కూడా ఆవిష్కృతమైనట్టే భావించాలని సభను కోరాడు. సభ భావించింది. ముఖ్య అతిథి వాచీ చూసుకుని లేచారు. జాతీయ గీతం వేశారు.

జనం కుర్చీలు జరుపుతుండగా వెనక నుంచి గొంతు లేచింది.

“నా బిడ్డ బుక్కేది?”

భద్రయ్య మెట్ల మీద ఆగారు. “అమ్మా, వందన సమర్పణ అయిపోయింది.”

“నా బిడ్డ బుక్కు జూపిస్తరని పనికి పోకుండ వచ్చిన. అది ఏది?”

ఉషారాణి పళ్లెం కింద పెట్టింది. బల్ల కిందికి తోసేసిన తన పొట్లం తీసింది. కాగితం పర్రున చించింది.

“రచయిత్రి తనంత తాను ఆవిష్కరించుకోవద్దమ్మా,” అన్నారు భద్రయ్య, నిజంగానే నొచ్చుకుని. “గది పద్ధతి కాదు.”

“మీరు పోండ్రి సార్. మీ కోసం కారు ఆగి ఉన్నది.”

మైకు సెట్టువాళ్లు వైర్లు చుట్టుకుంటున్నారు. ఉషారాణి వాళ్లను దాటుకుంటూ వెనక వరుస దాకా నడిచి, పుస్తకం తల్లి చేతిలో పెట్టింది. సోమ్లి అటూ ఇటూ తిప్పి చూసింది. బరువు చూసింది. ముందుమాటల వల్ల అది బాగానే తూగింది.

“ఏముంది ఇందుల?”

“ప్రేమ కత అమ్మా.”

“ఎవలిది?”

“ఎవలిదీ కాదు. ఒట్టిగ అనుకుని రాసిన.”

సోమ్లి ఖాళీ వేదిక వైపు, బ్యానరు వైపు చూసింది. “ఎవలిదీ కాకుంటె, గింతమంది ఎందుకు ఆపిండ్రు మరి?”

తల్లి చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిచింది.

మర్నాడు టీకాల రోజు. ఉషారాణి కట్టలన్నీ తెచ్చి సబ్ సెంటర్ వరండాలో పెట్టింది. కూర్చుని, ఒక్కొక్క పుస్తకం నుంచి ముందుమాటలను పట్టుకుని పీకింది. జిగురు గట్టిదే, అక్కడక్కడ మొదటి పేజీ కూడా ఊడింది. అయినా ఆగలేదు. ముద్దు కింది చీటీలను గోటితో గీకింది. చదువొచ్చినవాళ్లకు ఒకటిచ్చింది, చదువు రానివాళ్లకు ఇంట్లో ఎవరికి వచ్చో అడిగి ఇచ్చింది. నాగలక్ష్మి గోడకానుకుని అప్పుడే రెండో అధ్యాయంలో ఉంది. పిల్లలు సూదికి ఏడుస్తున్నా తలెత్తలేదు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి కోటేష్ వచ్చాడు. చేతిలో జిల్లా పేపరు ఉంది. సభ ఫొటో రంగుల్లో వేశారు. నడుమ ముఖ్య అతిథి, పక్కన భద్రయ్య, రాంబాబు, చివర పళ్లెంతో ఉషారాణి.

కోటేష్ ఫొటో కింది వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. “అందరి పేర్లున్నయి. నీ పేరేది?”

ఉషారాణి పేపరు తీసుకుని చూసింది. ‘చిత్రంలో ముఖ్య అతిథి, భద్రయ్య, రాంబాబు తదితరులు’ అని ఉంది.

“ఉన్నది గదా,” అని చివరి మాట మీద వేలు పెట్టింది.