దిమ్మ అంటుకున్న కేసు

ఒక పెద్ద అడవిలో అన్నిటికన్నా పెద్దది ఏమిటంటే పిండిమర చప్పుడు. ఆ మర ఇంజను మొదలైతే చాలు, పక్కనున్న కోర్టు గోడలు అదిరి, కొంగ గుమాస్తా రాసే అక్షరాలు వంకరపోయేవి.

ఆ బాధ తీర్చినవాడు ఉడుము సింగన్న. ఇనుప పలకను గోళ్ళతో గరుకుగా గీకాడు. జిగురు పూసి, బంకమన్ను కలిపిన రబ్బరు పోసి, రెండూ ఒక్కటయ్యేదాకా ఉడికించి దిమ్మలు చేశాడు. వాటిని ఇంజను కాళ్ళ కింద పెట్టగానే అదురంతా రబ్బరు మింగేసింది. సింగన్న పేటెంటు కూడా తెచ్చుకున్నాడు. అందులో ‘రబ్బరు ఇనుముకు అంటుకొని ఉండును’ అని ముచ్చటగా రాయించాడు. పాపం, ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

నక్క జోగినాథం అలాంటి దిమ్మలే అమ్మడం మొదలెట్టాడు. నున్నటి ఇనుము, పైన కాస్త తుమ్మజిగురు, ఆపైన రబ్బరు. గీకే ఓపిక నక్కకెక్కడిది? సింగన్న కేసు వేశాడు. ఓడిపోతే కొలిమి మూసుకోవాల్సిందే, అతనికి ఇంకో పని రాదు.

జడ్జి దున్నపోతు. ఆయన దేనికైనా తల ఊపగా చూసినవాళ్ళు లేరు.

“అయ్యా, అంటుకోవడమంటే నిప్పంటుకోవడం,” అన్నాడు జోగినాథం. “ఈయన దిమ్మ ఏనాడైనా అంటుకుందేమో అడగండి.”

“అతుక్కోవడమని నా ఉద్దేశం అయ్యగారూ,” అన్నాడు సింగన్న. “మా ఇంట్లో అలాగే అంటాం.”

“మీ ఇంట్లో మాటలు కోర్టుకెందుకయ్యా?” జడ్జి విసుక్కున్నాడు. “రెండు దిమ్మలకూ నిప్పు పెట్టండి.”

నక్క దిమ్మ భగ్గున మండింది. సింగన్నది కాస్త మసిబారి ఊరుకుంది.

“కాగితంలో రాసినట్టు అంటుకున్నది నక్క దిమ్మే. కనుక పేటెంటు నక్కదే,” అన్నాడు జడ్జి.

మంచి సరుకు చేసినందుకా ఈ శిక్ష అని గొణుక్కుంటూ సింగన్న కొలిమికి తాళం వేశాడు. పిండిమర కింద అతని దిమ్మలు తీసేసి నక్కవి పెట్టారు.

మూడో రోజుకల్లా ఇంజను వేడికి తుమ్మజిగురు వదిలేసింది. రబ్బరు ఒకవైపు, ఇనుము ఒకవైపు. కోర్టు మొత్తం గడగడలాడింది, కుర్చీతోపాటు జడ్జిగారి తల కూడా.

సరిగ్గా అప్పుడే సింగన్న మళ్ళీ అర్జీ పట్టుకొచ్చాడు. “అయ్యగారూ, నా పేటెంటు నాకిప్పించండి.”

జడ్జి తల పైకీ కిందికీ ఆడింది. కొంగ గుమాస్తా ‘మంజూరు’ అని వంకరగా రాసి ముద్ర వేశాడు.

“అది ఒప్పుకోవడం కాదయ్యా, అదురు,” అని జోగినాథం మొత్తుకున్నాడు.

“తల నిలువుగా ఆడితే ఔనన్నట్టే,” అన్నాడు కొంగ. “అడ్డంగా ఆడిన రోజు రా.”

జడ్జి ఏదో చెప్పబోయాడు గానీ పళ్ళు టకటకా కొట్టుకోవడంతో మాట బయటికి రాలేదు. పాడు దిమ్మలు అమ్మావని అందరూ మీదపడేసరికి ఇక చేసేదేముంది, ఈ మరకు మంచి దిమ్మలు పెట్టమని నక్కే సింగన్న కాళ్ళావేళ్ళా పడ్డాడు.

“పెడతాను జోగినాథంగారూ, వరసలో రావాలిగా,” అన్నాడు సింగన్న.

చెరుకు గానుగకు పెట్టాడు. రంపపు మిల్లుకు పెట్టాడు. అడవిలో ఉన్న మరలన్నిటికీ పెట్టాడు. కోర్టు పక్క పిండిమర వంతు మాత్రం ఇంకా రాలేదు.

నీతి: న్యాయం కదలాలంటే ఎక్కడో ఒకచోట జిగురు ఊడాలి.